క్లాసులో చెప్పిన జవాబు

పెద్ద లాండ్రీ వెనకగది. ఆవిరి ఇస్త్రీ మిషన్ల మధ్య తల్లి హోటల్ దుప్పట్లు మడతపెడుతోంది. కూతురు కాలేజీ నుంచి నేరుగా అక్కడికే వచ్చింది.

“ఆ సంచి అక్కడ పడేసి ఈ కొస పట్టుకో. ఇప్పుడు చెప్పు. ఏం వాగావు నిన్న క్లాసులో?”

“నేనేం వాగాను?”

“నంగనాచిలా చూడకు. గట్టిగా లాగు. ఏం వాగావు?”

“మాస్టారు అడిగారు. చెప్పాను.”

“ఏమడిగారు?”

“జనం పేదవాళ్లుగా ఎందుకుంటారు అని. తలో మాటా చెప్పారు. తాగుడని ఒకడు. తలరాతని ఇంకొకడు. పిల్లల్ని ఎక్కువ కంటారని మొదటి బెంచీ వాళ్లు.”

“నువ్వో?”

“అమ్మా, మెల్లిగా. ఎవరైనా వింటారు.”

“విననీ! వినాల్సిన వాళ్లంతా పొద్దున్నే విన్నార్లే. నువ్వేం చెప్పావు?”

“బద్ధకం... అన్నాను.”

“లేచి నిలబడి మరీ అన్నావట. క్లాసంతా చప్పట్లు కొట్టారట!”

“నీకెవరు చెప్పారు?”

“మా ఓనరమ్మ. వాళ్లమ్మాయి నీ క్లాసేగా. కూలి పెంచమని అడగడానికి ఆడవాళ్లందరం కలిసి వెళ్లాం. నోరున్నదాన్నని నన్నే ముందు నిలబెట్టారు. నేనింకా నోరు తెరిచానో లేదో, ఆవిడ నవ్వింది. ‘కూలి సంగతి తర్వాత, ముందు నీ కూతుర్నడుగు, మీరెందుకిలా ఉన్నారో చక్కగా చెప్తుంది’ అంది. అందరి ముందూ!”

“అయ్యో... ఆ పిల్ల ఇంటికెళ్లి చెప్తుందని నాకేం తెలుసమ్మా?”

“నా పక్క మిషన్ దగ్గర అక్క లేదూ? చెయ్యి కాలినా గుడ్డ చుట్టుకుని పనికొచ్చే మనిషి. ‘నీ కూతురు మమ్మల్ని అంత మాటందా’ అంది. ఇంకేముంది, ఒక్కొక్కరే జారుకున్నారు. నేనొక్కదాన్నే గుడ్లప్పగించి నిలబడ్డాను.”

“నేను మిమ్మల్ని అనలేదు.”

“మరెవర్నన్నావు? పేదవాళ్లంటే ఎవరనుకున్నావే? టీవీలో కనిపించేవాళ్లా?”

“అలా లాగకు, చిరుగుతుంది.”

“చిరగనీ! మీ నాన్న బద్ధకస్తుడా? చెప్పు. మూటలు మోసీ మోసీ నడుం విరిగి మంచాన పడ్డాడే, బద్ధకమా? నేను? నేను బద్ధకస్తురాలినా?”

“కాదు.”

“తెలిసే అన్నావా?”

“తెలిసే అన్నాను.”

“చెంప పగలగొడతా!”

“కొట్టు. కొట్టాక నా మాట కూడా విను. మీకు బద్ధకం లేదని నాకు తెలీదా? ఇంత చేసీ చేసీ మీరిక్కడే ఉన్నారంటే, నేనెంత చదివితే ఏం లాభం? నేనూ ఈ దుప్పటి కొస దగ్గరికేగా వచ్చేది? బద్ధకం వల్లే అనుకుంటే కనీసం అది నా చేతుల్లో ఉంటుంది. కాదంటే నా చేతుల్లో ఏముంది? చెప్పు, ఏముంది? అలా చూస్తావేం?”

“ఎంతెంత మాటలు నేర్చావే... మీ మాస్టారు నూరిపోశాడా?”

“ఆయనా? ఆయన నా జవాబు తప్పన్నారు.”

“అయితే ఆ ఓనరమ్మ కూతురే అయ్యుంటుంది. దాంతో తిరక్కు అంటే విన్నావా?”

“ఆ పిల్ల కాదు.”

“మరెవరు? ఈ చెత్తంతా నీ బుర్రలోకి ఎక్కించిందెవరో చెప్పు. రేపే వెళ్లి కడిగేస్తాను.”

“వద్దులే అమ్మా.”

“చెప్పమంటున్నానా!”

“నువ్వే. బళ్లో వేసినప్పట్నుంచీ రోజూ పొద్దున్నే దుప్పటి లాగేసి నువ్వన్న మాటేగా... ‘లేవవే, బద్ధకిస్తే నాలాగే తయారవుతావు’ అని.”