మన దుకాణపు ‘ఆగండి మేడం’

1992 జూన్ 15న మన సహకార మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా చేరిన మన మేడం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. మందుల గదికి అప్పుడు రేకుల కప్పు ఉండేది. వారు ఆ గదిలో అడుగుపెట్టి, మధ్యాహ్నం ఇక్కడ ఎంత వేడి ఉంటుందని అడిగారు.

“మీకు ఫ్యాను కావాలా?” అన్నారు నాటి మేనేజరు.

“నాకు కాదండీ, మందులకు.”

ఫ్యాను వచ్చింది. కొన్నాళ్లకు కప్పూ మారింది. ఒకే రంగు డబ్బాలను పక్కపక్కన పెట్టడం ఆగింది. చీటీలోని రాత అర్థం కాకపోతే, డాక్టరుతో మాట్లాడేదాకా మందు ఇవ్వడం మానేశారు. వరుసలో నిలబడ్డవారు సణిగేవారు. మేడం నోరు తెరిస్తే “ఆగండి” అనే మాటే రావడంతో ‘ఆగండి మేడం’ అన్న పేరు స్థిరపడిపోయింది. వారు అందరికీ ప్రీతిపాత్రులని రాస్తే అబద్ధమవుతుంది. ఎదుటే తిట్టినవారున్నారు, మేనేజరుకు ఫిర్యాదు చేసినవారున్నారు. ఇంటికి వెళ్లాక కూడా ఏ మందు ఎవరికిచ్చానా అని తలచుకుంటూ అన్నం ముందు కూర్చుండిపోయేవారని వారి భర్త చెబుతారు.

ఆ భయం ఊరికే కాదని ఒక వేసవిలో తెలిసింది. ఇన్సులిన్ చల్లగా ఉండాలని వారు సేల్స్‌మన్‌కు పదేపదే చెప్పేవారు. అతడు ఆ మాటను మనసులో పెట్టుకుని, ఇంటికి వెళ్తూ ఫ్రిజ్ మీటను చివరిదాకా తిప్పి వెళ్లాడు. తెల్లారి వారు వచ్చేసరికి అట్టపెట్టెలు తడిసి మెత్తబడి ఉన్నాయి.

“ఏమైంది వీటికి?”

“గడ్డకట్టాయి మేడం. కాసేపు బయట పెట్టాను, మామూలైపోయాయి. ఇందాకే ఒకటి అమ్మాను కూడా.”

“ఎవరికి?”

“మన టైలరు గారి పాపకి.”

గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూపుకు మామూలుగానే ఉంటుంది. పనిచేస్తుందన్న నమ్మకం మాత్రం ఉండదు. వేడికి పాడవుతుందని చెప్పారే గాని, గడ్డకడితే కూడా పనికిరాదని వారు అతడికి ఎన్నడూ చెప్పలేదు. ఆ సంగతి వారికి అప్పుడే తట్టింది.

మేనేజరు ఒక సీసాను వెలుతురుకు పట్టి చూశారు. “నీళ్లలా ఉంది. ఇది పాడైందని మీకెలా తెలుసు?”

“తెలియదండీ. అందుకే ఇవ్వకూడదు.”

“మనమే వెళ్లి చెబితే దుకాణం పేరేమవుతుంది?”

“ముందు పాప ఏమవుతుందో చూద్దాం. నువ్వు బండి తియ్యి బాబూ” అన్నారు మేడం, సేల్స్‌మన్ వైపు తిరిగి.

వారు వెళ్లేసరికి టైలరు ఇంట్లో పాప అన్నం తిని ఆడుకుంటోంది. సూది వేయడం అయిపోయింది. విషయం వినగానే టైలరు చేతిలోని గుడ్డను నేలకు కొట్టాడు.

“మంచిదో కాదో చూడకుండానే అమ్మేస్తారా? మీ పిల్లలకైతే ఇలాగే ఇస్తారా?”

“తప్పు మాదేనండీ. తిట్టాలంటే దారిలో తిట్టండి. పాపని ఆసుపత్రికి తీసుకెళ్దాం.”

నెత్తురు పరీక్షలో చక్కెర బాగా పెరిగి ఉంది. డాక్టరు అక్కడి మందు వేసి పాపను పడుకోబెట్టారు. మేడం తల్లి పక్కనే బల్ల మీద కూర్చున్నారు. తల్లి మొహం అటు తిప్పుకుంది. నర్సు తలుపు తీసిన ప్రతిసారీ ఇద్దరూ ఒక్కసారే లేచేవారు. సాయంత్రానికి చక్కెర దిగింది. అప్పుడు తల్లి ఇటు తిరిగింది.

“మీరు రాకపోతే, ఇది దొంగతనంగా ఏదో తినేసిందనుకుని వీపు పగలగొట్టేదాన్ని అక్కా.”

“నేనేం తినలేదే అమ్మా!” అంది మంచం మీది పాప. “బిస్కెట్ కూడా తినలేదు. ఇప్పుడైనా నమ్ముతావా?”

ఆ మాటకు తల్లి నవ్వింది. మన మేడం మొహం కొంగుతో కప్పుకున్నారు.

టైలరు మాత్రం మళ్లీ మన దుకాణం మెట్లెక్కలేదు. అతడిని తప్పుపట్టే హక్కు మనకు లేదు. మేడం కూడా తప్పుపట్టలేదు. ఫ్రిజ్‌లో మిగిలిన ఇన్సులిన్ మొత్తం పారవేయించారు. నష్టం గురించి మేనేజరు గొణిగితే, మీట తిప్పిన చెయ్యి సేల్స్‌మన్‌దైనా సగం మాట నేర్పిన నోరు తనదని కమిటీ ముందు చెప్పారు. కమిటీలో కొందరు నొసలు చిట్లించారు. సేల్స్‌మన్ ఉద్యోగం మాత్రం నిలిచింది.

ఆ తర్వాత వారి బోధన మారింది. కొత్తవారికి ఏమి చేయాలో చెప్పి ఊరుకోక, అదే పని అతిగా చేస్తే ఏమవుతుందో కూడా చెప్పి, తిరిగి వారి నోటితో చెప్పించేవారు. ముఖ్య ఫార్మసిస్టు అయ్యాక కూడా ఫ్రిజ్ తలుపు తామే తీసి చూసేవారు. ఇంత భయం దేనికని నవ్విన వారిలో నేటికీ మన మధ్య ఉన్నవారున్నారు. వారి పేర్లు ఇక్కడ అనవసరం.

మేడం గారూ, మీకు ఆరోగ్యం, నిండు ఆయుష్షు కలగాలి. ఇకనైనా అన్నం వేడిగా ఉండగానే తినండి. ఎవరికి ఏ మందు ఇచ్చామోనన్న బెంగ ఇకపై మీది కాదు. దాన్ని ఇక్కడే వదిలి వెళ్లండి. మాకు దానితో పని ఉంది.