రెండో బండ

పాలమూరు దిక్కున, రైళ్లు నడవడం మానేసిన పాత రాతి వంతెన పక్కనున్న ఊరు. భిక్షం ఇంటి పెరట్లో అతని కోడళ్లు స్వరూప, నవనీత.

“బండ మీద నా బకెట్ పెట్టిననా లేదా, నవనీతా?”

“పెట్టినవక్కా. పెట్టి, పోయి టీవీ ముందట కూసున్నవ్. రెండు చీరలు పిండుకుందామని పక్కకు జరిపిన.”

“ఎండలకు జరిపినవ్. నీళ్లన్నీ కాగినయ్.”

“కాగితే మరకలు మంచిగ పోతయ్.”

“గీ నోరే వద్దన్న. పెద్దకోడలు ఉతికినంకనే చిన్నకోడలు.”

“నువ్వు ఉతికెటాళ్లకు పొద్దు గూకుతది. నా బట్టలు చీకట్ల ఆరేసుకోవాల్నా?”

“నువ్వు రాకముందు గీ బండ గూడ లేకుండె. నాపరాయి ముక్క మీద మోచేతులు కొట్టుకపోంగ ఉతికిన నేను. చిన్నకోడలొస్తాందని మామ నున్నటి బండ తెప్పిచ్చిండు.”

“నాకోసం తెచ్చిన బండ మీద నేను ఉతికితే తప్పేందక్కా?”

“ఏందమ్మా మీ లొల్లి? బజారుదాంక ఇనొస్తాంది.”

“నువ్వే చెప్పు మామా. బండ ఎవలిది?”

“ఎవలిదేంది, నిజాందే. చూడు స్వరూపా, అంచుకు అంకె చెక్కి ఉన్నది. ఏ కమానుల ఏ రాయి పెట్టాల్నో గుర్తు. మా తాత గా బ్రిడ్జికి సున్నం మోసిండు.”

“మల్ల షురువైంది.”

“నవ్వు, నవ్వు. కట్టెలతోని కమాను నిలబెట్టి, మీద రాళ్లు పేర్చి, ఆఖరుకు నడిమి రాయి దిగగొట్టేటోళ్లు. గప్పుడు కింది కట్టెలు తీసేటోళ్లు. తీసెటప్పుడు మేస్త్రీని పెండ్లాం పిల్లలతోని కమాను కింద నిలబెట్టేటోళ్లంట. పని ఖరాబు చేసుంటే వాండ్ల మీదనే పడాలె.”

“గట్ల కట్టినదాన్ని నవనీత వాళ్ల నాయిన కూలగొట్టె.”

“మా నాయిన కూలగొట్టలేదక్కా.”

“నేత పడుగు కట్టనీకె కమాను రాళ్ల సందుల గూటాలు కొట్టలేదా? మొదటి కమాను ఆయన మీదనే పడె. పోయినోడు పోయిండు, ఊరందరికి నీడ లేకుండ చేసిండు. కులపోళ్లు అనలేదా?”

“అన్నరు. మా అమ్మ పది మంది ముందట చెంపలేసుకున్నది గద. ఇంకేం కావాలె? ఇప్పుడు రెండో కమాను కింద పడుగు సాపుతాంది. ఒక్క గూటం కొట్టది. కొసలు చేతులతోనే పట్టుకుంటరు, అమ్మ ఒక దిక్కు, తమ్ముడొక దిక్కు.”

“బుద్ధొచ్చింది.”

“గన్ని ఏండ్లు రైళ్లు ఉరికితే కదలని కమాను నాలుగు గూటాలకు ఎట్ల పడ్డది మామా? నీకు బ్రిడ్జి సంగతి మంచిగ ఎరుక గద.”

“వానలు బిడ్డా. ఆ యేడు వానలు శాన పడె. ఆకలైతాంది, అన్నం పెట్టున్రి.”

“పెట్టిన, రా మామా. పప్పు జర కారమైంది.”

“ఇద్దరు గూడ కూసోండ్రి. ఒక మాట చెప్పాలె. గీ బండ లొల్లి రోజూ నేను ఇనలేను. ఇంకో బండ తెస్తున్నం. పెద్దదానికొకటి, చిన్నదానికొకటి.”

“గిసొంటి నున్నటిది యాడ దొరుకుతది మామా?”

“బ్రిడ్జి లేదా? రెండో కమాను నడిమి రాయి. మన చిన్నోడు బాలకృష్ణకు చెప్పిన. రేపు ట్రాక్టర్‌కు గొలుసు కట్టి గుంజుతడు.”

“రాయి గుంజితే కమాను పడదా మామా?”

“ఎమ్మటే పడదు స్వరూపా. మొదటిదాన్ని గుంజినప్పుడు సూసినం గద. రాయి ఒక్కటే ఊడొచ్చింది, కమాను అట్లనే ఉండె. నిజాం సున్నం గట్ల పట్టుకుంటది, వానలు వడేదాంక.”

“మొదటిదాన్నా?”

“మన బండనే బిడ్డా. నడిమి రాయి కాకుంటే గంత నున్నగ ఉంటదా?”

“ఆయననా గుంజింది?”

“మరి ట్రాక్టర్ ఎవలిది? అప్పటికి మీ పెండ్లి పందిరి గూడ ఇంక ఇప్పలే. పప్పు కంచంల పొయ్యి, కింద పోస్తున్నవ్.”

“రెండో కమాను కింద మా అమ్మ ఉంటది మామా.”

“ఎరుకే బిడ్డా. గందుకే ఈపాలి ముందుగాల చెప్పి గుంజుతం.”