ప్యానెల్ కాళ్ల మీద ఎనిమిది రాళ్లు

మూడు దాటింది. గాలి లేదు, ఎండ మెత్తబడింది. రా నబీహా, ఆ గోడవారన కూర్చో. ఖిష్ర్‌లోకి కాఫీ పొట్టు, అల్లం దండిగా వేశాను, పొగలు కక్కుతోంది, చూసుకుని తాగు. ఏమన్నావు? కొత్తింటికి సోలార్ పెట్టాలా, గాలిమర పెట్టాలా అనా? మీ ఆయన అదంటాడు, నువ్వు ఇదంటావు, మధ్యలో పెద్దమ్మ తీర్పు చెప్పాలి. ఊఁ. ఈ ఇంట్లో ఒకసారి చెప్పానమ్మా ఆ తీర్పు. ముసిద్ మామయ్యకి చెప్పాను.

నువ్వాయన్ని చూళ్లేదు. ఇదంతా జరిగి పదేళ్లవుతోంది, అప్పుడు మీరు అదెన్‌లో ఉన్నారు. మా ఆయన తండ్రి. పాత బజార్లో గడియారాలు బాగుచేసేవారు. చేతులు అంత లావు, పని మాత్రం ఆవగింజంత స్క్రూలతో. ఈ ఇంటికి తొంభై ఒక్క మెట్లు కదా, మలుపు మలుపుకీ "అల్లాహ్, అల్లాహ్" అని పిలుస్తూ ఎక్కేవారు, ఆడవాళ్లు తల కప్పుకుంటారని. సనాలో మగవాళ్లంతా అంటారు, నిజమే. అంటూనే ఎక్కేస్తారు. మామయ్య ఆగేవారు. "రండి" అని మనం అనేదాకా గోడకేసి తిరిగి నిలబడేవారు. అందుకే పక్క డాబా హూరియా ఏడిపించేది, "ముసిద్ మామా, నీకోసం వెయ్యాల్సింది మెట్లు కాదు, మెట్టుకో కుర్చీ" అని. ఆయన నవ్వేవారు. పళ్లు నాలుగే ఉండేవి.

ఏం చెబుతున్నాను? ఆఁ, కరెంటు. యుద్ధం మొదలై కరెంటు పోయింది కదా. మామయ్య గాలిమర అన్నారు. పాత కారు మోటారు, చెక్క రెక్కలు, తానే చేస్తానని. "తఖియా, సూర్యుడు సాయంత్రానికి దుకాణం కట్టేస్తాడు. గాలి పాపం రాత్రీ పనిచేస్తుంది" అన్నారు. నేను వద్దన్నాను. దానికి మాటిమాటికీ మగవాడు పైకెక్కాలి. ఆ డాబా మా ఆడవాళ్లది, బట్టలు మావి, ద్రాక్ష మాది. సోలార్ అయితే తడిగుడ్డతో నేనే తుడుచుకుంటాను. ఆయన ఎదురు చెప్పలేదు. "నన్ను వద్దన్నావని గాలికి కోపమొస్తుందేమో" అన్నారంతే.

బిగించేవాడు వచ్చి నాలుగు కాళ్లకీ డాబాలోకి బోల్టులు దింపాలన్నాడు. నేను అడ్డం పడ్డాను. ఆ సున్నం మా అత్తగారు గులకరాయితో నెలల తరబడి రుద్ది నున్న చేసింది, తెలుసా? అద్దంలా ఉండేది. వానాకాలం కారితే నువ్వొస్తావా అని వాణ్ణి గట్టిగా అడిగాను. వాడు "మీ ఇష్టమమ్మా, గాలికి నేను జవాబుదారీ కాను" అని పోయాడు. మామయ్యే రాళ్లు మోశారు. కాలికి రెండు, మొత్తం ఎనిమిది. ఏడాది పైన కదల్లేదు.

తాగు, చల్లారిపోతోంది. చక్కెర చాలిందా?

ఆ రోజు పొద్దున డాబా మీద గుడ్డ పరిచి ద్రాక్ష ఆరబోశాను. మధ్యాహ్నానికి దుమ్ముగాలి లేచింది. గుడ్డ రెండు మూలలు ఎగురుతున్నాయి. చుట్టూ చూశాను. కింద రొట్టె మాడిన వాసన. ప్యానెల్ వెనక కాళ్ల మీంచి ఒక్కో రాయి తీశాను. నిమిషంలో వచ్చి పెట్టేద్దామని. ఇది మీ పెదనాన్నకి కూడా తెలీదు నబీహా. నీకే చెబుతున్నా.

పైన ప్యానెల్ టకటకా కొట్టుకుంటుంటే మామయ్యకి వినిపించింది. ఎక్కారు. నా పక్కనుంచే వెళ్లారు, నేను రొట్టె చూసుకుంటున్నాను. ఆఖరి మెట్టు మీద పిలిచారట. అవతల హూరియా బట్టలు తీస్తోంది, తలగుడ్డ గాలికి పోయింది. "ఆగండి మామా, ఒక్క నిమిషం" అంది. ఆగారు. దడదడ వినబడుతూనే ఉంది, అయినా గోడకేసి తిరిగి నిలబడ్డారు. అది "రండి" అనేసరికి ప్యానెల్ సగం పిట్టగోడ దాటింది. కింద సందు. బడి వదిలే వేళ. ఆయన పట్టుకున్నారు. "వదిలెయ్ మామా" అని హూరియా అరిచింది. వదిలితే కింద పిల్లలు. "పరిగెత్తండి" అని కేకేశారు. పిల్లలు గోడవారకు పారిపోయేదాకా వదల్లేదు. ఆ తర్వాత వదిలే వీలు లేకపోయింది.

తర్వాత పైకెళ్లాను. ద్రాక్ష ఒక్కటీ చెదరలేదు. మూలల మీద రాళ్లు పెట్టినవి పెట్టినట్టే.

బోల్టులు దింపించు తల్లీ. సోలారో, గాలిమరో, ఏదైనా. డాబా కారితే కారనీ, గిన్నె పెట్టుకో.

ఆయనకో అలవాటుండేది. రోజూ బడి వేళకి పైనుంచి "తఖియా, ఎంతమంది వచ్చారు?" అని అడిగేవారు. నేను కింద నుంచి చెప్పేదాన్ని. ఆ రోజు నాకు వినిపించింది ఒక కేక, ఏదో పగిలిన చప్పుడు. గుమ్మంలోకి పరిగెత్తాను. పిల్లలు లోపలికి పడ్డారు. ముందు మా ముగ్గురూ. మాజిద్. బిల్కీస్, ఒక కాలికి చెప్పు లేదు. చిన్నాడు అమ్మార్. హూరియా పిల్లలిద్దరూ. ఐదు. మళ్లీ తలలు తడిమి లెక్కపెట్టాను. ఐదుగురూ ఉన్నారు. మెట్ల వైపు తిరిగి గట్టిగా చెప్పాను, "ఐదుగురూ వచ్చారు మామయ్యా!"

బిల్కీస్ నా కొంగు పట్టుకుని వీధి వైపు లాగింది.