ఏనుగు ఎవరిది?

ముందుగది. సాయంత్రం నాలుగున్నర. పెళ్ళయి రెండు నెలలైన జంట, ఇల్లు సర్దిపెడతానని పొద్దున్నే వచ్చి దిగిన అతని అక్క.

"తియ్యనంటే తియ్యను, వదినా."

"ఏమన్నావ్?"

"తియ్యనన్నాను. ఆ సంచీ కింద పెట్టండి, ఇందాకట్నుంచీ పట్టుకునే ఉన్నారు, చెయ్యి పీకుతుంది."

"చూడమ్మాయ్, అయిదింటికి పెద్దసారు, వాళ్ళావిడా వస్తున్నారు. చీఫ్ ఇన్‌స్పెక్టరు పోస్టు మీ ఆయనకివ్వాలా, ఇంకొకడికివ్వాలా అని ఊగిసలాడుతున్న మనిషి. గదిలో అడుగు పెట్టగానే ఆయనకి ఏం కనబడాలి?"

"మేం."

"మీకంటే ముందు ఈ మంద కనబడుతుంది! కిటికీ నిండా కాగితం సీతాకోకచిలుకలు, టీవీ మీద కాగితం కొంగలు, చెప్పుల స్టాండు మీద కప్ప!"

"కప్పని వెనక నొక్కితే గెంతుతుంది. చూస్తారా?"

"అక్కర్లేదు. ఒరేయ్ తమ్ముడూ, నువ్వైనా చెప్పరా మీ ఆవిడకి."

"నేను ఇస్త్రీ చేసుకుంటున్నానక్కా."

"ఆ చొక్కా ఇప్పటికి మూడుసార్లు చేశావు."

"కాలరు లొంగట్లేదు."

"నీకు కాలరు లొంగదు, పెళ్ళాం లొంగదు. అమ్మాయ్, వీడు లిఫ్టులు తనిఖీ చేసేవాడు. వీడి సంతకం చూసి జనం పన్నెండో అంతస్తుకి పోతారు. కాగితం పిట్టలతో కాపురం చేసేవాడి సంతకం నమ్మి ఎవరెక్కుతారే?"

"నేనెక్కుతా."

"నువ్వెక్కావులే, మా నెత్తికి! ఇదిగో, ఈ ఏనుగు చెవి మీద ఏముందో చూడు. 'ఎనిమిది మందికి మించి ఎక్కరాదు.' ఇది వీడి ఆఫీసు కాగితం కాదూ?"

"పాత ఫారం వదినా, చెత్తబుట్టలో పడేసింది. ఏనుగుకి మందం కాగితం కావాలిగా. అయినా ఎంత చక్కగా కుదిరిందో చూడండి, ఏనుగు మీద ఎనిమిది మందే!"

"నాకు నవ్వు రావట్లేదు."

"పెదవి కదిలింది."

"కదల్లేదు! నా క్లాసులో ఎవరైనా ఇలా కాగితాలు తగలేస్తే గోడకుర్చీ వేయిస్తాను, తెలుసా? ఇంతకీ ఇవన్నీ ఎవరి నిర్వాకం?"

"ఎవరి నిర్వాకమంటే..."

"నీదేగా?"

"ఆఁ. నాదే. ఇంకెవరిది?"

"అక్కా, మంచినీళ్ళు తెమ్మంటావా?"

"వద్దు. నువ్వు నీ కాలరు చూసుకో. నీకు తెలీదమ్మాయ్, ఈ జబ్బు ఒకప్పుడు వీడికీ ఉండేది."

"అలాగా?"

"పదో తరగతిలో. లెక్కల్లో పదకొండు మార్కులు! నోటుబుక్కులు ఏమయ్యాయా అని పరుపెత్తి చూద్దునుగదా, కింద అన్నీ పిట్టలు, కుందేళ్ళు. గోనెసంచీడు. అమ్మ పోయిన ఏడాది. నాన్న పొద్దస్తమానం డ్యూటీ. అడిగే దిక్కు నేనొక్కదాన్నే. సంచీ మొత్తం పొయ్యిలో పెట్టి, నా తల మీద వీడి చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నా. ఆ రోజుతో సరి, మళ్ళీ కాగితం మడిస్తే ఒట్టు. అందుకే ఇంజనీరయ్యాడు."

"అందుకేనంటారా?"

"మరి? ఒరేయ్, చొక్కా మాడుతోంది!"

"ఆ... చూశా, చూశా."

"సరే, గంట సేపటి మాట. ఈ సంచీలో వేసి మంచం కిందకి తోద్దాం. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ పెట్టుకో."

"మంచం కిందకి ఒకసారి పోయినవి మళ్ళీ పైకి రావు వదినా. మీరే చెప్పారుగా."

"మాటకి మాట! సరే, పెద్దసారు భార్య వచ్చి, 'ఎంత బాగున్నాయో, ఏదీ ఒకటి చేసి చూపించమ్మా' అంటే?"

"చూపిస్తాను."

"ముందు నాకు చూపించు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నా కళ్ళ ముందు ఒక్క సీతాకోకచిలుక చెయ్యి. అది బాగుంటే ఒక్కటీ తియ్యను, నోరెత్తను. లేదంటే ఈ ఏనుగుతో మొదలుపెట్టి అన్నీ సంచీలోకే. సరేనా?"

"అక్కా, టైము లేదు, వాళ్ళు వచ్చే..."

"మీరూరుకోండి. సరే వదినా. ఆ నీలం కాగితం ఇటివ్వండి. చదరంగా ఉండాలి... ఉంది. మొదట ఈ మూల ఆ మూలకి..."

"కలవలేదు."

"ఏమిట్రా?"

"ఏం లేదక్కా."

"తర్వాత ఇటు. ఇప్పుడు రెండు పక్కలూ లోపలికి నొక్కితే... నొక్కితే త్రికోణం వస్తుంది. వస్తుంది, ఆగండి."

"అది త్రికోణమా? తొక్కేసిన చెప్పులా ఉంది."

"రెక్కలు వచ్చేదాకా అలాగే ఉంటుంది వదినా. ఇప్పుడు ఈ కొన కిందకి లాగి, గోటితో గట్టిగా..."

"గోరు పెట్టకు!"

"ఎందుకండీ?"

"ఇంకా పెట్టకు! ముందు వెనక్కి తిప్పాలి. తిప్పకుండా గోరు పెడితే కాగితం పాడైపోతుంది, రెక్క చచ్చినా నిలబడదు. మొదటి మడతే వంకర. మూల మీద మూల పడాలి, వెంట్రుకంత తేడా కూడా... ఇటివ్వు."

"ఒరేయ్."

"ఇటివ్వమన్నానా. ఇది పనికిరాదు. ఇంకో కాగితం."

"ఒరేయ్, నీకెలా తెలుసురా ఇదంతా?"

"అక్కా, ఆ ఏనుగు కింద పెట్టు. చెవులు పట్టుకోకు, ఊడతాయి. అది నాది."

"నీదంటే?"

"నేను మడిచాను. ఏనుగూ, కొంగలూ, కప్పా, కిటికీలో ఉన్న అరవై మూడు సీతాకోకచిలుకలూ. ఈమెకి కాగితం పడవ కూడా రాదు."

"పడవ వచ్చండీ. మునుగుతుంది, అంతే."

"నా తల మీద ఒట్టు పెట్టావురా నువ్వు!"

"పెట్టాను. పన్నెండేళ్ళు నిలబెట్టుకున్నాను. బస్సు టికెట్టు చేతిలో పడితే, ఎక్కడ మడిచేస్తానో అని గుప్పిట బిగించి కూర్చునేవాణ్ణి. మొదటిసారి ఈమెని హోటల్లో కలిశాను. టేబుల్ మీద బిల్లు కాగితం ఉంది. వేళ్ళు వాటంతటవే మడిచేశాయి."

"నా గ్లాసు అంచు మీద వాలిందొదినా! ఇంత బుల్లి సీతాకోకచిలుక. అప్పుడే అనుకున్నా, చేసుకుంటే ఈ మనిషినే."

"నువ్వు మాట్లాడకు! పొద్దుట్నుంచీ తిట్లన్నీ నీ నెత్తిన వేసుకున్నావా?"

"ఆయన చెప్పొద్దన్నారు వదినా. మీరంటే భయం."

"భయమే. అక్క పిలిస్తే ఇప్పటికీ లేచి నిలబడతాను. కానీ నా ఏనుగుకి నా పెళ్ళాం తిట్లు తినడం, నేను కాలరు రుద్దుకుంటూ నిలబడడం... ఇంక చాలు."

"నీ మంచికే కాల్చానురా. నువ్వు బాగుపడాలని."

"తెలుసక్కా. బాగుపడ్డాను. మడవకపోవడం వల్ల కాదు, నువ్వు నా పక్కన కూర్చుని రోజూ లెక్కలు చేయించడం వల్ల."

"మాటలు నేర్చావు."

"వదినా, గంట మోగుతోంది! వచ్చేశారు."

"అయ్యో, టైము కాలేదే! ఒరేయ్, ఇప్పటికైనా నా మాట విను. సంచీ పట్టు. ముందు ఆ కిటికీ..."

"తియ్యను."

"నవ్వుతార్రా!"

"నవ్వనీ."

"పోస్టు పోతుంది!"

"పోతే పోనీ. ఉన్న ఉద్యోగం ఉంది."

"అలా కూర్చున్నావేమిట్రా, చొక్కా అయినా మార్చుకో! మళ్ళీ మోగుతోంది, వెళ్ళు, తలుపు తియ్యి."

"నువ్వు తియ్యక్కా. రెక్క సగంలో ఉంది, నా చేతులు ఖాళీ లేవు."