ఇంజన్ ఆపి చేసిన ప్రార్థన

కెనడాలోని మానిటోబా ఉత్తరాన, మంచు కప్పిన సమాధుల పక్కన, భార్యాభర్తలు స్టార్టు కాని డీజిల్ ట్రక్కులో కూర్చున్నారు. ఆమెను డయాలసిస్‌కు తీసుకెళ్లే విమానం కాసేపట్లో ఎగిరిపోతుంది.

“ఇంత చలిలో ఇంజన్ ఎవరైనా ఆపుతారా, ఏమయ్యా?”

“మావయ్య సమాధి దగ్గర ప్రార్థన కదా, చప్పుడెందుకని ఆపాను.”

“చప్పుడుంటే దేవుడికి వినపడదా? ఆ హీటరు దీపం వెలగదేం?”

“ఇంజన్‌లోకెళ్లే గాలిని వేడిచేసే హీటరది. గాలి వెచ్చగానే ఉందని సెన్సరు అబద్ధం చెబుతోంది.”

“మరెలా? నా కాళ్లు అప్పుడే వాచాయి.”

“సెన్సరు వైరు పీకేస్తా. బయట ఘోరమైన చలి అనుకుని బండే హీటరు వేసుకుంటుంది.”

అతను దిగి, వైరు పీకి వచ్చి, తాళం సగం తిప్పాడు.

“దీపం వెలిగింది, పూర్తిగా తిప్పు.”

“ఉండు, గాలి వేడెక్కి అది ఆరాలి.”

“ఆరింది.”

ఇంజన్ దగ్గి, వణికి, అందుకుంది.

“దేవుడికి స్తోత్రం చెప్పవా?”

“చెబుతా. ఈసారి ఇంజన్ మాత్రం ఆపను.”