తొలి గుటక ఎల్లమ్మది

సిద్దిపేటకు దగ్గర్లో కోటలాంటి ఒక గడి, దాని వెనుక వసారా. బల్ల మీద ఎర్రటి ద్రాక్షసారా సీసా, ఒక గిలాస. కుర్చీలో నెత్తికి రుమాలు చుట్టుకున్న భూపతిరావు దొర, పీట మీద ఆయన తల్లి రాధాబాయి దొరసాని, కింద గచ్చు మీద కొండవ్వ. దొర గుట్ట మీద పెంచిన అంగూరు తోటకు కొండవ్వ వెట్టికి నీళ్లు మోస్తుంది. కొలుపులప్పుడు ఎల్లమ్మ వచ్చేది కూడా ఆమె ఒంటి మీదికే.

"ముట్టకు భూపతీ. ఎల్లమ్మకు పొయ్యకముందు నువ్వు నోట్ల పోసుకుంటె ఎంగిలైతది."

"అమ్మా, నా తోట, నా అంగూర్లు, నా సారా. నేనే రుచి చూడొద్దంటె ఎట్ల?"

"పంట ఎవ్వరిదైన తొలి బుక్క అమ్మది. మీ నాయిన తొలి జొన్నకంకి గూడ ఆమెకు పెట్టకుండ కొరకలే."

"జొన్నలు వేరమ్మా. తాలూక్‌దారు సాహెబు సిద్దిపేటల దిగిండు, పొద్దుగూకెవరకు మోటరు ఈడికొస్తది. లడాయి మొదలైనకాడికెళ్లి ఫ్రాన్సు సీసాలు బంబైల దిగుతలేవు. సాహెబు నాలిక పిడచగట్టుకపోయి ఉన్నది. గిది నచ్చిందంటె సారా అమ్ముకునెటందుకు ఆబ్కారి ఇజాజత్ చేతుల పెట్టి పోతడు. ఎట్లున్నదో తెల్వకుండ ఆయన ముందల ఎట్ల పెట్టాలె?"

"అందుకే కొండవ్వను పిలిపిస్తి. దీని ఒంటి మీదికొచ్చి తాగితె అమ్మ తాగినట్టె."

"నీ బాంచెన్ దొరసానీ. డప్పు లేదు, బోనం లేదు. పిలువంగనె ఉరికొచ్చెటందుకు అమ్మేమన్న వెట్టి చేస్తదా?"

"రాకుంటె మానె. కొండవ్వా, నువ్వే తాగి చెప్పు. ఏమంటవమ్మా, అమ్మ మనిషే గద. ఎంగిలి కాదు గద?"

"ఏమోరా. సరె, తాగనియ్యి."

"ఇగో, పట్టుకో. ఆగాగు, గుటుక్కున మింగకు. దీనికో పద్ధతున్నది, సికింద్రాబాదుల తెల్లదొర చూపిచ్చిండు. ముందుగాల గిలాసను వెలుతురుకు పట్టాలె. ఏం రంగున్నది?"

"ఎర్రగున్నది దొరా."

"ఎసొంటి ఎరుపు?"

"మీరు ఎసొంటిదంటె అసొంటిది."

"నేను చెప్పుడు కాదు, నువ్వు చెప్పాలె."

"గుట్ట మీద బిందెతోని జారిపడ్డనాడు నా మోకాలు గిట్లనే ఉండె."

"మాణిక్యం తీరున్నదను."

"మాణిక్యం తీరున్నది దొరా."

"ఇగ వాసన చూడు. ముక్కు గిలాసల పెట్టు. ఏమొస్తుంది?"

"మాణిక్యం వాసన."

"వాసనకు మాణిక్యమేందే? ఎండ వాసన రావాలె, రాయి వాసన రావాలె. గుట్టవాలు మీద పండిన అంగూరుకు గదే ఇలువ. సదును భూమిల పండిస్తె రాదు."

"వస్తుంది దొరా. ఎండ వస్తుంది, రాయి వస్తుంది. దొరా, సాహెబుకు నచ్చితె ఏమైతది?"

"గుట్టంత తోటనే. పైదాక ఏస్త."

"పైదాక నీళ్లెట్ల ఎక్కుతయి దొరా?"

"మీ వాడల ఆడోళ్లు లేరా?"

"అందరం మోస్తనే ఉన్నం. బాయి అడుగంటింది. మా పొయ్యి మీదికే నీళ్లుంటలేవు. అట్ల కాకుండ, సాహెబుకు నచ్చకుంటె?"

"నచ్చకుంటె తీగలకు నీళ్లు సాలలేదని అర్థం. ఇంకిన్ని బిందెలు పొయ్యాలె."

"ఓహో."

"ఓహో ఏంది? నాలిక మీద పోసుకో. మింగకు, నోట్ల తిప్పు."

"పంటినొప్పికి లవంగాల నీళ్లు తిప్పినట్టా దొరా?"

"అట్లనే. తిప్పినవా? ఇగ చెప్పు. అరె, చెప్పవేందే?"

"నోరు తెరిస్తె ఒలికిపోతదని దొరా. ఇప్పుడు మింగిన. ఇంకింత పోస్తె తెలుస్తది."

"పొయ్యి భూపతీ, పొయ్యి."

"పోసిన. ఇగ చెప్పు. ఏందే గట్ల ఊగుతున్నవు? రెండు గుటకలకే నిషా ఎక్కిందా?"

"నిషా కాదురా. దాని కండ్లు చూడు. కొప్పు ఊడింది చూడు. అమ్మ వచ్చింది. లే, కుర్చీల కెళ్లి లే. పసుపేది, యాపమండలేవి?"

"అమ్మా, గిది నాటకం..."

"చేతులు జోడించు."

"ఏమిరా భూపతీ."

"పేరు పెట్టి పిలుస్తుంది, పలుకు."

"ఆఁ."

"ఆఁ ఏందిరా? తల్లీ అను."

"తల్లీ."

"సీసా ఇటియ్యి. కోడిపిల్లకు నీళ్లు పోసినట్టు గిలాసల పోస్తున్నవు."

"ఇయ్యిరా, ఇయ్యి. తాగు తల్లీ. మా పిలగాని పంట ఎట్లున్నది తల్లీ?"

"మంచిగున్నదే రాధాబాయీ. ముందుగాల వగరు, ఎన్క తీపి. గొంతు దిగినంక ఎండకు కాలిన బండ మీద ఒరిగినట్టు ఎచ్చగున్నది. కల్లు మాపటికే పులుస్తది. గిది దాచినకొద్ది పెరుగుతది."

"విన్నవా అమ్మా? తెల్లదొర చెప్పింది గూడ గిదే. తల్లీ, సాహెబుకు పెట్టొచ్చునా?"

"పెట్టు. నాకు నచ్చిందిరా. నచ్చినది నాదైతది. గా తోట నాది."

"నీదే తల్లీ, అంత నీదే."

"నోటి మాటకంటున్నవా?"

"కాదు తల్లీ, మా అమ్మ సాక్షి."

"నా తోటకు వెట్టినీళ్లు పట్టయి. మొక్కునీళ్లు కావాలె. బిందె నెత్తిన పెట్టుకొని, కాళ్లకు చెప్పుల్లేకుండ, బాయికాడి నుంచి గుట్ట మీదికి నువ్వు మొయ్యాలె. ఇంకొకరి చెయ్యి సోకొద్దు."

"నేనా?"

"మోస్తడు తల్లీ. ఎప్పటిసంది?"

"ఇయ్యాల్టిసంది."

"ఇయ్యాల తాలూక్‌దారు సాహెబు వస్తుండు తల్లీ."

"ఎందుకొస్తుండు, తాగెటందుకా?"

"తాగెటందుకే తల్లీ."

"తాగెటోడు మొయ్యాలె. వానికో బిందె ఇయ్యి."

"అమ్మా, గిది అయ్యె పనేనా? ఆయన జిల్లాకు పెద్ద, ఆయన నెత్తిన..."

"నోరు ముయ్యి. ఆమెకు కోపమొస్తె ఊర్లకు గత్తర రోగం దిగుతది. శాంతించు తల్లీ. బిందెలు నేనే కడిగి తెస్త, రెండు తెస్త. భూపతీ, అమ్మ దిగిపోయెదాక ఈడికెళ్లి కదలకు."

"కొండవ్వా. ఏ కొండవ్వా. దిగిపోయిందా?"

"ఎవరు దొరా? అయ్యో, నేను గీడ ఒరిగిననేంది? సీసా ఖాళీగున్నదేంది, ఎవరు తాగిన్రు?"

"నీకేమి యాదికి లేదా?"

"లేదు దొరా. నా ఒళ్లు ఆమెకు గుర్రం అసొంటిది. ఎక్కినామె ఏడికి పోయిందో, ఎవరితోని ఏమన్నదో గుర్రానికేమెరుక?"

"మా అమ్మ లోపలికి పోయింది. ఎవ్వరు లేరు. నిజం చెప్పు. గా మాటలన్నది ఎల్లమ్మనా, నువ్వా?"

"నీ బాంచెన్ దొరా, నాకు ఒక్క మాట గూడ ఎరుక లేదు. గా నెత్తి రుమాలు మాత్రం ఇప్పకున్రి. సుట్టబట్ట లేకుంటె బిందె అడుగు నడినెత్తిని కోస్తది."