పొలిమేర లోపటి జాగ

వల్లెపు తిమ్మవ్వ అని మా ముత్తవ్వ. రాయి కొట్టేటోళ్ళం మేము. సీమ దిక్కుకెళ్ళి కరువుకు నడుసుకుంట వచ్చి, ఈ ఊర్ల నాలుగు గుడిసెలు ఏసుకున్నరంట. ఈ ముచ్చట జరిగేనాటికే నలభై ఏండ్లాయె అనుకో. బావులు తవ్విరి, ఇండ్లకు పునాదిరాళ్ళు కొట్టిరి, అయినా బైటోళ్ళే. సస్తే పాతిపెట్ట జాగ లేదు. వాగు దాటి మోసుకపోవాలె, అవతలి ఊరోళ్ళు అడ్డమొస్తే ఇంకో దిక్కు మొయ్యాలె. తిమ్మవ్వ పెనిమిటి ఈరన్న మంచం పట్టిండు. నన్ను మొయ్యకుండ్రి, ఈడనే పెట్టుండ్రి అంటడంట రోజూ. ఇగ ఆమె పటేలు కాడికి పోయె.

ఏమైందంటే, మా ఊర్ల ఏ ముచ్చటైనా బొడ్రాయి పండుగ నాడే తెగాలె. ఊరి నడుమ రాయి, ఊరికి బొడ్డు అన్నట్టు. ఐదేండ్లకోసారి పండుగ. ఆనాడు ఊరంత కూసుంటది, చేతులెత్తుతరు, ఎక్కువ చేతులు ఎటుంటే అటు. ఆనాడు వచ్చి అడుగు అన్నడంట పటేలు. మంచోడే, కసురుకోలే. కాకపోతే ఆనాడు ఊరు సుట్టు పొలి సల్లుతరు గద, నెత్తురు కలిపిన అన్నం. సల్లినంక లోపటోడు బైటికి పోవద్దు, బైటోడు లోపటికి రావద్దు. బైటోళ్ళంటే ఎవరు, మేమే. "ఎట్ల అడుగుత పటేలా, ఆనాడు మేము పొలిమేర అవతల ఉంటం గద" అన్నది. "అవును గద, పోయిన పండుగకు గూడ మీరెవ్వరు వచ్చి అడగలే" అన్నడంట ఆయన.

పండుగ వచ్చె. పాత రాయి పగిలిందని కొత్తది నిలవెడుతున్నరు. దాన్ని కొట్టిందెవరు, మంచం పట్టకముందు మా ఈరన్ననే. రాయి లోపట, కొట్టినోళ్ళు బైట. లేవనోన్ని ఏం లేపుతరు, ఆయన్ని ఉండనీ అన్నడు పటేలు. తిమ్మవ్వ పెనిమిటి నోట్లె ఇన్ని నీళ్ళు పోసి, గొంగడి కప్పి, మా నాలుగు గుడిసెలోళ్ళతోని పోయి పొలిమేర అవతల కూసున్నది. పొలి సల్లిరి. పొద్దు నెత్తి మీదికి రాకముందే ఈరన్న పానం ఇడిసె.

ఇగ సూడు ఊరి తిప్పలు. శవం ఊర్లుంటే రాయి నిలవెట్టొద్దు. శవాన్ని దాటిద్దామంటే పొలిమేర కట్టేసి ఉన్నది. పటేలు ఊరిని కూసోవెట్టిండు. ఈడనే పెడుదమా అంటే ఊరంత చెయ్యెత్తింది, ఒక్క చెయ్యి తక్కువ లేదంట. తుమ్మచెట్ల కాడ జాగ ఇచ్చిరి. కావలాయన వచ్చి, పొలి సల్లిన కాడ లోపల్నే నిలబడి తిమ్మవ్వకు చెప్పిండు. ఆమె లేసి, "ఒక్కసారి మొఖం సూసి వస్తనన్నా" అన్నది. "దాటితే ఊరికి కీడు గద అక్కా" అన్నడు, ఆయనకు గూడ కండ్ల నీళ్ళే. ఆమె మళ్ళ కూసున్నది. లోపట డప్పు కొడుతుండ్రి. అది పండుగదో, పెనిమిటిదో తెల్వక ఇనుకుంట కూసున్నదంట.

మొన్న పట్నంకెళ్ళి ఒక సారు వచ్చిండు. వలసొచ్చినోళ్ళు ఊరి పంచాయితీల ఎంత కలుస్తరని సదువుతున్నడంట. చెయ్యెత్తుతరా అని అడిగిండు. ఇప్పుడు ఎత్తనిస్తున్నరు సారూ, రాయి కొట్టి కొట్టి నాకే చెయ్యి లేస్తలేదన్న. ఎప్పటినుంచి మీరు ఈ ఊరోళ్ళు అన్నడు. మా ముత్తాత సచ్చిన కాడినుంచి అన్న. సారు కలం పట్టుకొని తారీకు చెప్పుమన్నడు. తారీకు నాకేం ఎరుక.